నెల తప్పిందా? వాంతుల కోసం చూడకండి, క్యాలెండర్ చూడండి

మా కోనసీమలో కొత్తగా పెళ్ళైన అమ్మాయి భోజనాల దగ్గర ముద్ద వదిలేసి లేచిందంటే చాలు. పక్కన కూర్చున్న పిన్నిగారు ఆ విస్తరి వంకా, అమ్మాయి మొహం వంకా ఓసారి చూసి "ఏవమ్మా, ఏమన్నా విశేషమా?" అనేస్తారు. పొద్దున తిన్న పెసరట్టు అరగలేదేమో, ఉక్కకి తల తిరిగిందేమో, అదెవరికీ పట్టదు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. తీరా నాలుగు రోజులకి ఆ పిల్ల బయట చేరితే, తనేదో తప్పు చేసినట్టు తలదించుకుని తిరగాలి.

దీనికి తిరగేసినది నాకే జరిగింది. మొదటి కాన్పప్పుడు నాకు వాంతులు లేవు, పుల్లటివి తినాలనీ లేదు. నీరసం ఒక్కటే. దాళ్వా (రెండో పంట వరి) కోతల రోజులు, ఏప్రిల్ ఎండ. ఎండదెబ్బ అనుకున్నాం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన బలానికని రెండు సూదులు కూడా వేశారు. రెండో నెల సగం గడిచాక మా అత్తగారు పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆగి, "నువ్వు నాలుగో రోజు తలంటు పోసుకుని ఎన్నాళ్ళైందే?" అన్నారు. అప్పటిదాకా నాకా లెక్కే తట్టలేదు.

ఇప్పుడు మా తోటికోడలు ఆశా వర్కరు. నేను డాక్టర్ని కాదు, కానీ ఆవిడ వెంట ఇళ్ళకి తిరిగి విన్నదీ, చూసినదీ చాలా ఉంది. మా ఇద్దరి మాటా ఒకటే. ముందు తేదీ, తర్వాత ఒంట్లో గుర్తులు, ఆ తర్వాత పరీక్ష, ఆపైన ఆస్పత్రి. మన ఇళ్ళలో వాంతి ముందొచ్చి తేదీ ఆఖరున వస్తుంది. తకరారంతా అక్కడే.

ముందు ఆఖరి తేదీ పట్టుకోండి

గోడకి తెలుగు క్యాలెండర్ లేని ఇల్లు మనవైపు ఉండదు. పాలాయన నాగా పెట్టిన రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు, కొబ్బరి దింపు తీసిన రోజు, అన్నీ దాని మీదే ఉంటాయి. నెలసరి మొదలైన రోజు మీద కూడా ఓ చుక్క పెట్టండి. ఎవరైనా చూస్తారని సిగ్గైతే ఫోన్లో రాసుకోండి. మొదలైన రోజే రాయాలి. "ఎప్పుడయ్యావమ్మా?" అని అడిగితే చాలామంది తలంటు పోసుకున్న రోజు చెబుతారు. అక్కడే నాలుగైదు రోజులు తేడా పడిపోతుంది.

పెద్దవాళ్ళకి తేదీలు గుర్తుండవు కానీ తిథులు ఉంటాయి. "అమావాస్య వెళ్ళిన మూడోనాడు", "అట్లతద్దికి ముందురోజు" అంటారు. నవ్వకండి, అదీ లెక్కే. అమావాస్య నుంచి అమావాస్యకి దాదాపు 29.5 రోజులు. చాలామంది ఆడవాళ్ళకి నెలసరి కూడా ఇంచుమించు అన్నే రోజులకి వస్తుంది కాబట్టి ఆ లెక్క బాగానే కుదురుతుంది. ఆ తిథి ఏ తేదీన పడిందో క్యాలెండర్లో చూసి దాని మీద చుక్క పెట్టేస్తే సరి.

మూడు నెలల చుక్కలుంటే మీ లెక్క ఏమిటో మీకే తెలుస్తుంది. ఒకరికి 26 రోజులకి వస్తుంది, ఒకరికి 35. రెండూ మామూలే. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. అంటే 28 రోజుల వాళ్ళకి 14వ రోజు దగ్గర, 35 రోజుల వాళ్ళకి 21వ రోజు దగ్గర. కాబట్టి 35 రోజులకి అయ్యే అమ్మాయికి 31వ రోజున "ఇంకా రాలేదేంటి?" అని టెన్షన్ పడాల్సిన పనిలేదు. పక్కింటి అమ్మాయి లెక్కతో మీ లెక్క పోల్చకండి.

రెండు మూడు రోజులు అటూ ఇటూ అవడం ఎవరికైనా ఉంటుంది. మీ లెక్కకి వారం దాటిందంటే పరీక్ష చేసుకోవాల్సిందే. అలాగని దాటిన ప్రతిసారీ కడుపు వచ్చినట్టు కాదు. థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల సమస్య), ఒక్కసారిగా బరువు పెరగడం, తగ్గడం, జ్వరం పడి లేవడం, పరీక్షల టెన్షన్, ఇవన్నీ నెలని జరుపుతాయి.

మనవైపు ఇంకో కారణం ఉంది, అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. అన్నవరంలో వ్రతానికనో, అంతర్వేది తీర్థానికనో, ఇంట్లో పెళ్ళికనో నెలసరి వాయిదా వేసుకునే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకుంటారు. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకి మామూలుగా నెలసరి వచ్చేస్తుంది. వారమైనా రాకపోతే "మాత్రల వేడి" అని సరిపెట్టుకోకుండా పరీక్ష చేసుకోండి. అసలు నెల నిలిచిందేమోనని ఏ కాస్త అనుమానం ఉన్నా ఆ మాత్రల జోలికి వెళ్ళకండి.

చంటిబిడ్డకి పాలిస్తున్న వాళ్ళ సంగతి వేరు. "పాలిస్తున్నంత కాలం కడుపు రాదు" అన్న మాట సగమే నిజం. బిడ్డకి ఆరు నెలలు నిండకుండా, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా, నెలసరి తిరిగి మొదలవకుండా ఉంటేనే అది చాలావరకు పనిచేస్తుంది. ఈ మూడింట్లో ఒకటి తప్పినా నమ్మడానికి లేదు. పైగా అండం ముందు విడుదలై నెలసరి తర్వాత వస్తుంది, కాబట్టి కాన్పయ్యాక ఒక్కసారి కూడా బయట చేరకుండానే మళ్ళీ నీళ్ళోసుకున్న వాళ్ళున్నారు. నలభై దాటిన వాళ్ళు కూడా "ఇక ఆగిపోయే వయసు కదా" అని వదిలేస్తుంటారు. మా తోటికోడలు అలాంటి ఒకావిణ్ణి ఐదో నెలలో పట్టుకుంది. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్న సమయమట, పాపం ఆవిడ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడ్చేసింది.

ఇంకొకటి. నెలసరి రావాల్సిన రోజుల్లో కొంతమందికి కాస్త కనిపించి ఆగిపోతుంది. గులాబీ రంగులోనో, మట్టి రంగులోనో రెండు మూడు మరకలు, ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. దాన్ని నెలసరి అనుకుని ఊరుకుంటే లెక్క ఏకంగా నెల వెనక్కి పోతుంది. మీకు మామూలుగా అయ్యే దానికంటే ఈసారి బాగా తక్కువగా, వేరే రంగులో ఉంటే ఆ రోజు మీద చుక్క బదులు ప్రశ్నార్థకం పెట్టుకోండి. వారం ఆగి పరీక్ష చేసుకోండి.

ఒంట్లో తెలిసే గుర్తులు

చాలామందికి మొదట తెలిసేది రొమ్ముల దగ్గర. బరువుగా, నొప్పిగా, తాకితే సలుపుగా ఉంటాయి. నిన్నటిదాకా సరిపోయిన జాకెట్టు హుక్కు పెట్టేసరికి బిగుసుకుంటుంది. కొన్ని వారాలకి మొనల చుట్టూ నలుపు పెరుగుతుంది, పచ్చని నరాలు కనబడతాయి. నెలసరి ముందు కూడా సలుపు ఉంటుంది కానీ అయ్యాక తగ్గిపోతుంది. కడుపైతే తగ్గదు.

తర్వాత వాసన. పుస్తకాల్లో దీనికో వాక్యం రాసి వదిలేస్తారు గానీ మన ఇళ్ళలో ముందు బయటపడేది ఇదే. మా చిన్నమ్మాయి చేపల కూర ఉంటే రెండు ముద్దలు ఎక్కువ తినే మనిషి. ఆ రోజు నేను గంజి వారుస్తున్నాను. ఆవిరి అలా పైకి లేచిందో లేదో, గుమ్మంలో నుంచున్న పిల్ల ముక్కు మూసుకుని "అమ్మా, ఈ బియ్యం పురుగు పట్టిందా? ఏదోలా వాసనొస్తోంది" అంది. ఎప్పుడూ తినే బియ్యమే, ఆ నెల బస్తాయే. పక్క పొయ్యి మీద ఉన్న చేపల పులుసు ఊసే లేదు. అన్నం ఆవిరి పడలేదు పిల్లకి! నేను ఏమీ అనలేదు. గిన్నె దించి, వెళ్ళి క్యాలెండర్ చూసొచ్చాను. తొమ్మిది రోజులు దాటింది.

ఒక్కొక్కరికి ఒక్కో వాసన. ఒకరికి కాఫీ, ఒకరికి పోపు, ఒకరికి మొగుడి తలనూనె. ఉప్పుచేపలు ఎండేసే ఊళ్ళలోనూ, రొయ్యల కంపెనీల్లో పనిచేసే వాళ్ళకీ ఇది నరకం. అక్కడ పనికి వెళ్ళే అమ్మాయి ఉన్నట్టుండి "ఇక నేను వెళ్ళలేను" అంటే బద్ధకం అనుకోకండి.

నీరసం సంగతి నా కథలోనే చూశారు. గర్భం నిలవగానే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దానికి మత్తుగా నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుంటే కూర్చున్నట్టే నిద్రపోతారు. ఆ హార్మోనే పేగుల్ని నెమ్మది చేస్తుంది కాబట్టి మలబద్ధకం, గ్యాసు, కడుపుబ్బరం. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం కూడా మొదటి వారాల్లోనే మొదలవ్వచ్చు. అయితే వెళ్ళినప్పుడల్లా మంట ఉంటే అది ఇన్ఫెక్షన్, చూపించుకోవాలి.

ఇక వాంతులు. వేవిళ్ళు ఎక్కువమందికి ఆరో వారం దగ్గర మొదలవుతాయి. అంటే నెల తప్పాక ఇంకో రెండు వారాలకి. నెల తప్పిన మూడో రోజున "వాంతుల్లేవు కాబట్టి ఏమీ లేదు" అని తేల్చేస్తే అది తొందరపాటే. పొద్దున్నే రావాలని కూడా రూలేం లేదు, కొందరికి దీపాలు పెట్టే వేళకి మొదలవుతాయి. కొందరికి వాంతి ఉండదు, నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టు రుచి, ఊరికే ఉమ్మి ఊరడం, అంతే. చాలామందికి నాలుగో నెలకి తగ్గిపోతాయి.

మామిడికాయ తినాలనిపించడం గురించి నన్నడిగితే, మార్చి నెలలో మా ఊళ్ళో పచ్చి మామిడికాయ తినాలనిపించని మనిషిని నేనింతవరకు చూడలేదు. దాన్ని గుర్తుగా తీసుకోకండి. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, గోడ సున్నం, ఇలాంటివి తినాలనిపిస్తే మాత్రం నవ్వేసి ఊరుకోవద్దు. అది చాలాసార్లు రక్తం తక్కువైనందుకు వస్తుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. పులుపు తింటే ఆడపిల్ల, తీపి తింటే మగపిల్లాడు అన్న మాటలకి ఆధారమేమీ లేదు. స్కానింగులో చెప్పించుకోవడం 1994లో చేసిన చట్టం ప్రకారం నేరం.

ఇన్ని చెప్పాను గానీ, రొమ్ముల సలుపు, నీరసం, చిరాకు, కడుపుబ్బరం, పొత్తికడుపులో పీకుడు, ఇవన్నీ నెలసరి ముందు కూడా వస్తాయి. రెండుచోట్లా ఒకటే హార్మోన్ పని. అందుకే గుర్తులు అనుమానం వరకే, ఖాయం చేయలేవు. నాడి పట్టి చెప్పే పెద్దవాళ్ళు మా చిన్నప్పుడు ఉండేవాళ్ళు. గర్భిణికి నాడి కాస్త వేగంగా కొట్టుకునే మాట నిజమే, కానీ జ్వరమొచ్చినా, రక్తం తక్కువైనా కొట్టుకుంటుంది. యూట్యూబులో చూసి మూత్రంలో పంచదార, ఉప్పు, టూత్‌పేస్టు కలిపి చూడటం దండగ. పంచదార కూడా దండగ.

రెండు గీతల పరీక్ష

మెడికల్ షాపులో ప్రెగా న్యూస్, ఐ-కెన్ లాంటి కిట్లు వంద రూపాయల లోపే దొరుకుతాయి. మీ ఊరి కొట్లో అడగడానికి మొహమాటమైతే ఆశా వర్కరు దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా ఉంటుంది. ఆవిడ ఎవరికీ చెప్పకూడదు, చెప్పరు. మా తోటికోడలైతే ఇంట్లో మాకే చెప్పదు.

ఈ కిట్ పట్టుకునేది హెచ్‌సీజీ అనే హార్మోన్ని. పిండం గర్భసంచి గోడకి అతుక్కున్నాకే అది మొదలవుతుంది, అతుక్కోవడానికి అండం విడుదలైన దగ్గర్నుంచి ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆ తర్వాత మొదటి వారాల్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. ఇవాళ కనబడని గీత నాలుగు రోజులకి కనబడేది అందుకే. నెలసరి రావాల్సిన రోజు దాటాక చేస్తే చాలావరకు తెలుస్తుంది, వారం ఆగితే ఇంకా నికరం. నెలలు సరిగ్గా రాని వాళ్ళు భర్తతో ఆఖరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కేసుకుని చేయాలి.

మా అన్నయ్య కూతురు సంక్రాంతికి వచ్చింది. నెలసరి తేదీకి ఇంకా రెండు రోజులుంది, కానీ పిల్లకి ఆత్రం. ఆ రోజే మా దొడ్లో దింపు తీయించాం. చెట్టు కింద నుంచుని వరసగా మూడు బొండాలు తాగింది. మధ్యాహ్నం పరీక్ష చేసుకుంటే ఒకటే గీత. భోగి నాడు పెరట్లో అరటి చెట్ల వెనక కూర్చుని ఏడుస్తుంటే వాళ్ళమ్మకి కూడా తెలియదు. ఊరెళ్ళిన ఎనిమిది రోజులకి ఫోను, "అత్తా, రెండు గీతలు!" అని. తేదీ రాకముందే చేయడం ఒక తప్పు, అన్ని కొబ్బరినీళ్ళు తాగి చేయడం రెండోది. మూత్రం పల్చబడితే అందులో హార్మోనూ పల్చబడుతుంది.

కాబట్టి పొద్దున లేవగానే మొదటి మూత్రం, నీళ్ళు కూడా తాగకముందు, శుభ్రమైన పొడి కప్పులో పట్టండి. కిట్ మీద ఎక్స్‌పైరీ తేదీ చూసి అప్పుడే కవరు చించండి. కార్డుని చదునుగా పెట్టి, అందులో ఇచ్చిన డ్రాపర్‌తో గుండ్రటి గుంటలో మూడు చుక్కలు. గుంట నిండా పోసేయకండి. ఐదు నిమిషాలు గడియారం చూసి ఆగండి. కొన్ని కిట్లకి చుక్కలు, నిమిషాలు వేరుగా ఉంటాయి, లోపలి కాగితంలో ఎలా ఉంటే అలా చేయండి.

కార్డు మీద సి, టి అని రెండు అక్షరాలుంటాయి. సి దగ్గర గీత వస్తే కిట్ పనిచేసినట్టు. సి, టి రెండు దగ్గరలా వస్తే గర్భం. టి దగ్గర గీత వెలిసిపోయిన రిబ్బను రంగులో ఉండొచ్చు, కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి వెతికితే గానీ కనబడకపోవచ్చు. రంగు ఉంటే, ఎంత లేతగా ఉన్నా, ఉన్నట్టే. మూడు రోజులాగి ఇంకోసారి చేయండి, ముదురుతుంది. సి గీతే రాకపోతే ఆ కిట్ చెడిపోయింది, కొత్తది తేవాలి. పది నిమిషాలు దాటాక చెత్తబుట్టలోంచి తీసి చూసుకుని "గీత వచ్చింది" అని గంతులేయొద్దు. ఎండిపోయాక రంగులేని చార ఒకటి పడుతుంది.

ఒకటే గీత వచ్చి నెలసరి రాకపోతే వారానికి మళ్ళీ చేయండి. రెండోసారీ ఒకటే గీతయితే డాక్టర్ దగ్గరికి వెళ్ళి అసలు నెల ఎందుకు ఆగిందో చూపించుకోవాలి. పిల్లల కోసం వైద్యం చేయించుకుంటూ అండం విడుదలకి హెచ్‌సీజీ సూది వేయించుకున్న వాళ్ళకి ఆ మందు వల్లే రెండు గీతలు రావచ్చు. వాళ్ళు డాక్టర్ చెప్పిన రోజు దాకా ఇంట్లో పరీక్ష ముట్టుకోకపోవడం మంచిది. ఈమధ్యే గర్భం పోయిన వాళ్ళకీ కొన్ని వారాల పాటు గీత వస్తుంది.

పెళ్ళి తేదీకీ వారాల లెక్కకీ పడే పేచీ

ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పెళ్ళై సరిగ్గా ఐదు వారాలైన అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్తే స్కానింగ్ చేసి "ఆరు వారాలు" అని రాసిచ్చారు. కాగితం చదివిన అత్తగారు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, వియ్యపురాలికి ఫోన్ చేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

వారాలు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టరు. ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి పెడతారు, ప్రపంచమంతా అంతే. ఎందుకంటే అండం ఏ రోజు విడుదలైందో ఎవరికీ తెలియదు, నెలసరి తేదీ మాత్రం తెలుస్తుంది. ఆ అమ్మాయికి పెళ్ళికి ఎనిమిది రోజుల ముందు నెలసరి మొదలైంది. ఐదు వారాలకి ఆ ఎనిమిది రోజులు కలిపితే ఆరు వారాల ఒక రోజు. మొదటి రెండు వారాల్లో కడుపులో ఏమీ లేకపోయినా లెక్కలో ఉంటాయి. ముహూర్తాలు పెట్టేటప్పుడు అమ్మాయి నెలసరి రోజులు తప్పించి పెడతారు కాబట్టి పెళ్ళైన మొదటి నెల్లోనే నెల నిలిస్తే ఈ తేడా రాక తప్పదు. మా తోటికోడలు వాళ్ళింటికెళ్ళి క్యాలెండర్ గోడ మీంచి తీయించి, చుక్క చూపించి, అత్తగారి వేళ్ళ మీదే లెక్క చెప్పి వచ్చింది. ఆ చుక్క లేకపోతే ఏమయ్యేదో!

కాన్పు తేదీ మీరే కట్టుకోవచ్చు. ఆఖరి నెలసరి మొదటి రోజుకి ఏడు రోజులు కలిపి, తొమ్మిది నెలలు ముందుకెళ్ళండి. జూన్ 10 అయితే మార్చి 17. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. ఇది 28 రోజుల వాళ్ళ లెక్క, ఆలస్యంగా అయ్యే వాళ్ళకి స్కానింగులో కాస్త మారుతుంది.

అన్నట్టు, రెండు గీతలు చూసిన మర్నాడే స్కానింగుకి పరుగెత్తకండి. నొప్పి, రక్తం లేకపోతే ఏడో వారం దాకా ఆగొచ్చు. మరీ ముందే వెళ్తే సంచి కనబడుతుంది గానీ గుండె చప్పుడు కనబడదు. అనవసరంగా ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు.

ఆగకుండా వెళ్ళాల్సినవి

పొత్తికడుపులో ఒకవైపు గట్టి నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, భుజం చివర నొప్పి, వీటితో రక్తం కనబడినా కనబడకపోయినా, గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది. మా మండలంలో ఒకావిడ గ్యాసు నొప్పి అనుకుని రాత్రంతా వాము నీళ్ళు తాగుతూ పడుకుంది. తెల్లారేసరికి ఒళ్ళు తెల్లగా పాలిపోయింది. ఆపరేషన్ చేసి బతికించారు. గోదావరి మధ్య లంక ఊళ్ళలో ఉంటే "పొద్దున మొదటి పంటు పడవకి వెళ్దాం" అనుకోకండి, ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి. అమలాపురం, కాకినాడ, రాజమండ్రి, ఎక్కడైనా సరే, ఆపరేషన్ చేయగలిగిన ఆస్పత్రికే వెళ్ళాలి.

గుడ్డలు తడిసేంత రక్తం పోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా అంతే. వాంతులు ఎంత మామూలైనా, రోజంతా మంచినీళ్ళు కూడా నిలవక, మూత్రం ముదురు పసుపైపోయి, బరువు తగ్గిపోతుంటే సెలైన్ పెట్టించాలి.

ఈ గర్భం వద్దనుకునే వాళ్ళు కూడా ఇది చదువుతూ ఉండొచ్చు. మెడికల్ షాపులో గుట్టుగా మాత్రలు కొని మింగకండి. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, లోపల ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది. 1971లో వచ్చిన గర్భస్రావ చట్టం, 2021లో చేసిన మార్పులతో, అనుమతి ఉన్న ఆస్పత్రిలో డాక్టర్ చేత చేయించుకునే దారి ఇచ్చింది. 18 దాటిన ఆవిడకి తన సంతకం చాలు, భర్త సంతకం అక్కర్లేదు. వివరాలు రహస్యంగా ఉంచడం ఆస్పత్రి బాధ్యత.

ఖాయమైన ఆ వారంలో

ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆ రోజే మొదలుపెట్టండి, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఇస్తారు. బిడ్డ మెదడు, వెన్నెముక రూపుదిద్దుకునేది ఈ తొలి వారాల్లోనే. ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి. థైరాయిడ్, బీపీ, షుగరు, ఫిట్స్ మందులు వాడుతున్న వాళ్ళు సొంతంగా ఆపేయకుండా, అలాగని పాత చీటీతో కొనసాగించకుండా, వెంటనే డాక్టర్‌కి చూపించండి. మొటిమల మాత్రలు వాడుతుంటే వెంటనే చూపించడం మరీ ముఖ్యం. ఎక్స్‌రే తీయబోతే ముందే చెప్పండి. చేలో మందు కొడుతున్నప్పుడు అటు వెళ్ళకండి, మందు కొట్టిన బట్టలు మీరు ఉతక్కండి.

వికారానికి, మంచం మీంచి లేవకముందే గుప్పెడు మరమరాలో ఓ రస్కో నమలండి. కడుపు ఖాళీగా ఉంచకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. పోపు వాసన పడకపోతే వంట ఇంకొకరు చేస్తారు. చేయాలి.

పన్నెండు వారాల లోపు ఆశా వర్కరు దగ్గరో, ఏఎన్ఎమ్ (ఊరి నర్సమ్మ) దగ్గరో పేరు రాయించుకోండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఆఖరి నెలసరి తేదీ పట్టుకెళ్ళండి. బీపీ, బరువు చూస్తారు, రక్తం పరీక్ష చేస్తారు, ధనుర్వాతం రాకుండా టీడీ సూది వేస్తారు, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) ఇస్తారు. మొదటి బిడ్డకైతే మాతృ వందన పథకంలో 5,000 రూపాయలకి అక్కడే రాయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టర్ ఉచితంగా చూస్తారు.

లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉండేవాళ్ళకి ఇంకో పని. మీరు కట్టుకున్న కాన్పు తేదీ జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పడుతుంటే అది ఇప్పుడే ఆశా వర్కరుకి చెప్పి రాయించండి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద హెచ్చరిక ఇచ్చాక గర్భిణుల జాబితా చూసి ముందుగా దాటిస్తారు, ఆ జాబితాలో మీ పేరుండాలి. వీలైతే వరదకి ముందే గట్టు ఇవతల చుట్టాలింటికి వచ్చేయండి. కొత్త సంవత్సరం రాగానే పాత క్యాలెండర్ పుస్తకాలకి అట్టలేయడానికి పిల్లలకిచ్చేస్తుంటాం కదా, ఆ చుక్క ఉన్న కాగితం మాత్రం చించి ఎంసీపీ కార్డు కవర్లో పెట్టుకోండి. ఆఖరి నెలలో డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఆ తేదీయే.